తుమ్మనివాడి పేరే జ్వరానికి

ఎండలకి ఏటా సగం మాడిపోయే ఒక పెద్ద అడవిలో తుమ్ముల జ్వరం పుట్టింది. లేడి తుమ్మింది, దుప్పి తుమ్మింది, ఏనుగు తుమ్మితే చెట్లమీది పిట్టలన్నీ లేచిపోయాయి.

ఆ అడవిలో రోగం వస్తే ముందు మందు వెతకరు, పేరు వెతుకుతారు. వైరస్‌ది ఏ కుటుంబమో, అది ఏ జంతువులో కాపురముండి వచ్చిందో రోగాల వర్గీకరణ మండలి తేల్చి, ఆ జంతువు పేరే జ్వరానికి పెడుతుంది. పేరు పడ్డ జాతి మూటాముల్లె సర్దుకుని వాగు అవతలికి పోవాలి. మందు సంగతి ఆ తర్వాత ఎవరికైనా గుర్తొస్తే సరి.

మండలి కార్యదర్శి నక్క. బండకింద దాని బొరియ మధ్యాహ్నమయ్యేసరికి పెనంలా కాలుతుంది. పక్కనే గబ్బిలాల గుహ, లోపల ఊటనీళ్లు, చల్లదనం. ఏళ్ల తరబడి నక్క కన్ను ఆ గుహమీదే.

"అధ్యక్షా, ఇది గబ్బిలం జ్వరం," అంది నక్క సభలో.

తల్లిగబ్బిలం పసిపిల్లని పొట్టకి హత్తుకుని కొమ్మకి వేలాడుతోంది. "అదేంటయ్యా, మాలో ఒక్కరికీ తుమ్ము లేదే. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల, దీన్ని తీసుకుని ఎక్కడికి పోను?"

"చూశారా, తనే ఒప్పుకుంది. వైరస్‌ని పెట్టుకుని పోషించే జంతువుకి జబ్బు చెయ్యదు. అది శాస్త్రం. తుమ్మనివాడే దాన్ని దాచినవాడు."

మండలి పండితురాలు కోతి. ఈ వైరస్‌ని మొన్న ఉడుతల కుటుంబంలో వేసి, నిన్న పందుల ఉపకుటుంబంలోకి మార్చింది. "నేనూ అదే అనుకుంటున్నాను," అంది.

అధ్యక్షత వహించిన ఏనుగు భోజనాల వేళైందని చెప్పి తీర్మానం ఆమోదించింది. తల్లిగబ్బిలం పిల్లని పొదువుకుని తనవాళ్లతో వాగు దాటింది.

ఆ సాయంత్రమే నక్క గుహలో కాళ్లు చాపుకుంది. ఇన్నాళ్లకి ప్రాణం హాయిగా ఉంది. బయట ఏం జరుగుతోందో దానికి పట్టలేదు.

బయట ఆరోగ్యవంతులకి నిద్ర కరువైంది. తుమ్మనివాడే దోషి అయితే రేపు తమ వంతు కాదా? కుందేలు ముక్కులో గడ్డిపరక పెట్టుకుని తుమ్మింది. తాబేలు నలుగురి మధ్యకీ వచ్చి నెమ్మదిగా తుమ్మి, అందరూ విన్నారా అని అడిగి మరీ పోయింది. ముళ్లపంది పిల్లలచేత పొద్దున్నే తుమ్ములు సాధన చేయించింది.

గబ్బిలాలు పోయినా జ్వరం పోలేదు. అంటే పేరు తప్పని మళ్లీ సభ పెట్టారు. నక్క బద్ధకంగా వచ్చి తన చోట కూర్చుంది. సభంతా తుమ్ములే. కాసేపటికి అవి ఆగాయి. అందరూ తనవైపే చూస్తున్నారు.

"కార్యదర్శిగారు వచ్చినప్పటినుంచీ తుమ్మలేదే," అంది ఏనుగు.

నక్క తుమ్ము తెచ్చుకోబోయింది. సూర్యుడివైపు చూసింది, ముక్కు నలుపుకుంది, నోరు తెరిచింది. ఏమీ రాలేదు. "నాకు ఒంట్లో బాగానే ఉంది, అంతే," అంది.

"గబ్బిలమూ అదే అంది కదండీ," అంది కుందేలు, గడ్డిపరక దాచుకుంటూ.

కోతి అప్పటికప్పుడే వైరస్‌ని నక్కల కుటుంబంలోకి మార్చింది. "నేను మొదటినుంచీ ఇదే అనుకుంటున్నాను."

నక్క తనవాళ్లతో వాగు దాటేవేళకి, జ్వరం పేరు మారడంతో ఇంటికి తిరిగొస్తున్న గబ్బిలాలు ఎదురయ్యాయి. తల్లిగబ్బిలం పిల్లకి తుమ్మడం నేర్పుతోంది. నక్కకి సిగ్గేసి తలెత్తలేదు.

సభలో అంతమంది మధ్య కూర్చున్నందుకు దానికి అసలు జ్వరమే అంటుకుంది. మర్నాడు అవతలి ఒడ్డున, దిక్కులు అదిరేలా తుమ్మింది. వినడానికి అక్కడ మండలివాళ్లు ఎవరూ లేరు.

కాబట్టి ఆరోగ్యం ఎంత ఉన్నా ఫరవాలేదు, అది పదిమంది కంటా పడకుండా చూసుకోండి.