పదమూడో పళ్ళసెట్టు

ఆ రోజు పొద్దున ఆ ఇంట్లో ఉన్నది నలుగురు మనుషులు, పదమూడు పళ్ళసెట్లు. మనుషుల్లో మొదటివారు పోస్టాఫీసు పార్శిళ్ళ విభాగంలో పనిచేసి రిటైరైన మామగారు. తరువాత అత్తగారు, సిటీ బస్సు కండక్టరైన వాళ్ళ అబ్బాయి, ఆ కండక్టరు భార్య. పళ్ళసెట్లలో పన్నెండు ఆ కోడలు తయారుచేసినవి. కట్టుడుపళ్ళు చేసే ల్యాబులో ఆమెకు ఉద్యోగం. పదమూడోది మామగారి నోట్లో ఉంది. అదీ ఆమె చేసిందే, పెళ్ళయిన కొత్తలో.

అనుకున్న పని చాలా తేలిక. పది గంటలకు టాక్సీ వస్తుంది, మధ్యాహ్నం విమానం ఎక్కాలి. విదేశంలోని ఒక పెద్ద ల్యాబు వాళ్ళు ఉద్యోగం ఇచ్చేముందు ఎల్లుండి పొద్దున ఆమె పనితనం పరీక్షిస్తారు. తాను చేసిన సెట్లు చూపించి, వాళ్ళ కళ్ళముందే ఇంకొకటి చేయాలి. ఆ పిలుపు కోసం ఆమె మూడేళ్ళు ఎదురుచూసింది. చేతిసంచిలో బట్టలకే చోటు చాలకపోవడంతో పళ్ళూ పనిముట్లూ పెద్ద పెట్టెలోకి చేరాయి.

పెట్టెకు వేయమని భర్త చిన్న తాళం కొనుక్కొచ్చాడు. మామగారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, ఇది పెట్టెకా, చెవిపోగుకా అని అడిగారు. ఇక్కడినుంచి అక్కడికి వెళ్ళేలోపు పెట్టె ఎన్ని చేతులు మారుతుందో వేళ్ళు మడిచి చెప్పారు. రెండు చేతుల వేళ్ళూ చాలలేదు. దానికి మందు ఒకటేనట. మందపాటి తెల్లగుడ్డ చుట్టి, మైనం పట్టించిన దారంతో కుట్టి, కుట్టు మీద జానెడుకొకటి లక్క ముద్ర వేయడం.

"జిప్పుంది కదా మామయ్యా, చాలదంటారా?" అంది కోడలు మెల్లగా.

"జిప్పు ప్యాంటుకి చాలుతుందమ్మాయ్."

ఆ మాటతో చర్చ ముగిసింది. సూది పెదవుల మధ్య పట్టుకోవడం ఆయన పద్ధతి. పళ్ళుంటే సూది జారుతుందని సెట్టు తీసి, భోజనాల బల్ల మీద నీళ్ళగిన్నెలో వేసి, గుడ్డ కొలిచి కత్తిరించుకు రావడానికి లోపలికి వెళ్ళారు. కోడలు అదే బల్ల మీద సెట్లను ఒక్కొక్కటే దూదిలో చుట్టి పెట్టెలో సర్దేసి, చీర కట్టుకోవాలా, చున్నీ వేసుకోవాలా అని ఆలోచిస్తూ గదిలోకి పోయింది. గంటన్నరలో పెట్టె పెద్ద దిండులా తయారైంది. పదిహేడు ముద్రలు. మామగారు నాలుగడుగులు వెనక్కి వేసి, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూసుకున్నారు. తరువాత పళ్ళు పెట్టుకుందామని గిన్నెలో చెయ్యి పెట్టారు. గిన్నెలో నీళ్ళు తప్ప ఏమీ లేవు.

పళ్ళు లేకుండా నోరు తెరవడం ఆయనకు నామోషీ. అందుకని జేబులోంచి కాగితం తీసి, "ఒక సెట్టు గల్లంతు" అని రాసి అందరికీ చూపించారు. కొడుకు మంచం కింద దూరాడు, స్నానాలగదిలో నీళ్ళు పోయే జాలీ ఎత్తి చూశాడు. కోడలికి మాత్రం ఇంకో అనుమానం వచ్చింది. తను పొరపాటున మామగారి పళ్ళు కూడా సర్దేసిందేమో. పరీక్షలో మూత తీయగానే, అయిదేళ్ళు వాడిన పళ్ళు పరీక్షించే పెద్దమనుషుల ముందు పళ్ళికిలిస్తే ఆ ఉద్యోగం ఏమైపోతుంది?

పెట్టె విప్పుదామని ఆమె అడిగింది. మామగారు రాశారు: "సీలు విప్పాలంటే ఇద్దరు సాక్షులు కావాలి. కారణం రాతపూర్వకంగా ఉండాలి." విప్పడమేమిటి, విమానం తప్పిపోతుందని అత్తగారు ఆయన కంటే గట్టిగా అడ్డుపడింది. కోడలు తిరిగొచ్చేదాకా పది రోజులు జావ తాగితే మనిషి ఏమీ చచ్చిపోడంది. ఇంత రాతిగుండె ఏమిటని కొడుకు తల్లి వంక వింతగా చూశాడు.

అంతలో టాక్సీ వచ్చింది. డ్రైవరు పెట్టెను చూసి, ఇందులో ఏముంది, పరుపా అని అడిగాడు. సంగతి విని తల అడ్డంగా ఊపాడు.

"ఇలా కుడితే అక్కడ కోసేస్తారండీ. తనిఖీ వాళ్ళకి తెరవడానికి వీలుండాలి. చిన్న తాళం చాలు, అది కూడా వాళ్ళ దగ్గరున్న తాళంచెవితో తెరుచుకునే రకమైతే మేలు."

తన ముద్రను ఇంకెవరో కోయడమా? మామగారి ముఖం నల్లబడింది. కాగితం మీద తెరవడానికి కారణం రాసి, డ్రైవరు చేత ఒక సంతకం, భార్య చేత ఒక సంతకం పెట్టించి, తానే కత్తెర తీసుకుని కుట్లు విప్పారు. దూది పొట్లాలు విప్పి కోడలు లెక్కపెట్టింది. పన్నెండు. పన్నెండూ తను చేసినవే. ఆమె ఊపిరి పీల్చుకునేలోగా మామగారి చెయ్యి పెట్టెలో ఒక మూల ఆగిపోయింది. అక్కడ ఉన్నది పళ్ళ అచ్చుకు మైనం కరిగించడానికి వాడే చిన్న గ్యాసు డబ్బా. పనిముట్లతో పాటు కోడలే అలవాటుగా పెట్టేసింది.

"ఇదెవరు పెట్టారు?" నామోషీ మరిచిపోయి ఆయన నోరు తెరిచారు. "అంటుకునే వస్తువు మూటలో పంపకూడదని పార్శిళ్ళలో మొదటి రోజే చెబుతారు. విమానానికి చెప్పరా?"

చెబుతారని డ్రైవరన్నాడు. అది దొరికితే పెట్టెను పక్కన పడేస్తారట, మనిషి వెళ్ళినా పెట్టె వెళ్ళదట. కోడలు పెట్టె పక్కనే నేల మీద కూలబడింది. ఎల్లుండి పొద్దున ఉత్త చేతులతో నిలబడ్డ తనను తాను ఊహించుకుంది. తరువాత ఆ డబ్బాను రెండు చేతులా ఎత్తి దూరంగా కిటికీలో పెట్టి, వచ్చి మళ్ళీ కూర్చుని, చిన్నపిల్లలా నవ్వింది.

అప్పుడే మామగారు ఒక ఉన్ని మేజోడు పైకి తీశారు. అది బరువుగా ఉంది. బోర్లిస్తే ఆయన పళ్ళు అరచేతిలో పడ్డాయి.

"నేనే పెట్టాను," అంది అత్తగారు, ఎవరూ అడగకముందే. "ఆ పన్నెండూ ఇంతవరకూ ఒక్క ముద్ద నమల్లేదు. ఇదొక్కటే అయిదేళ్ళుగా మూడుపూటలా నమిలింది, మధ్యమధ్యలో నన్నూ నమిలింది. ఒక్క పగులు లేదు. కోడలి పనితనం చూపించాలంటే దీన్నే చూపించాలి."

"అడిగితే ఇవ్వనా?"

"అడిగితే ఫారం నింపమంటారు."

మామగారు పళ్ళు కడిగి, తుడిచి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. ఒంటికంటిన మంచం కింది దుమ్ము దులుపుకుంటూ కొడుకు, దొరికాయి కదా, పెట్టుకోండి నాన్నా అన్నాడు. ఆయన వినిపించుకోలేదు. కోడలి సామాన్ల చీటీ తీసుకుని అడుగున రాశారు: "పదమూడు. ఒక సెట్టు. అయిదేళ్ళు వాడినది. చెక్కుచెదరలేదు." పళ్ళను తానే దూదిలో చుట్టి మిగతావాటి పక్కన ఉంచి, జిప్పు లాగి, ఆ చిన్న తాళం వేశారు.

"మరి మీరేం తింటారు మామయ్యా?" అంది కోడలు.

"జావ తాగుతారు," అంది అత్తగారు. "ఎక్కువ మాట్లాడరు కూడా. నువ్వు తొందరపడి రాకు."

పెట్టె డిక్కీలోకి, భర్త డ్రైవరు పక్కకు, ఆమె వెనక సీట్లోకి చేరారు. మామగారు తలుపు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళు ఆ సెట్టును చూసి ఏమన్నా సరే తనకిది చాలని, పొద్దుటినుంచి చెప్పాలనుకున్నదేదో చెప్పాలని ఆమె నోరు తెరిచింది. ఆయనకు అలాంటి మాటలు వినే అలవాటు లేదు, బదులివ్వడానికి పళ్ళూ లేవు. ఆమె మొదటి మాట పూర్తికాకుండానే తలుపు ధన్‌మని వేసేసి, పోనివ్వమని చెయ్యి ఊపారు.

కారు వీధి మలుపు తిరిగేటప్పుడు చూస్తే, తలుపు సందులోంచి మూరెడు చున్నీ బయట ఎగురుతోంది. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ఆయన చేతిమీదుగా సరిగ్గా మూయకుండా వెళ్ళిన పార్శిల్ అదొక్కటే.