మొదటి వెలుగు ఎవరి మీద

ఆదివారం పదకొండింటికి భార్యకు అన్న అయిన విరుదునగరం బావ వస్తాడు, మేనకోడలైన పాప చెవులు కుట్టిన వీడియో చూస్తాడు, మెచ్చుకుంటాడు, తన కూతురు సింధుజ పెళ్లి వీడియో పని అప్పగిస్తాడు. కోవిల్‌పట్టిలో వీడియో కొట్టు నడిపే రామకృష్ణన్ పళ్లు తోముకుంటూ వేసుకున్న పథకం ఇది. అడ్డు ఒక్కటే. మదురై వాళ్లు డ్రోను ఎగరేస్తామని బావకు ఆశపెట్టారు. రామకృష్ణన్ కొట్లో ఎగిరేవి ఫ్యాను గాలికి రసీదులే.

అందుకే మెనూ మీద పడ్డాడు. డిస్కు వేయగానే "చెవికుట్టు", మేనమామ సారెకు "సీరు", "భోజనం" అని మీటలు కనిపించే ఆ తెర తళతళలాడాలి. వంటింటి జల్లెడకు తిరుత్తంగల్ ప్రెస్సులో అడిగి తెచ్చుకున్న రంగు జిలేటిన్ కాగితం చుట్టాడు, కిటికీలకు దుప్పట్లు కట్టాడు, గోడకు పెద్ద ఫోటో అంటించాడు. ఫోటోలో ఎడమ పక్క తన అన్న పాలసామి, నడుమ పీట మీద పాప, కుడి పక్క పాప చేతికి గాజు తొడుగుతున్న మేనమామ వెంకటరామన్, అంటే ఇప్పుడు ఇంటికి రాబోతున్న బావ. పాప ఏడుస్తోంది కాబట్టి మీటలు సరిగ్గా ఆ మొహం మీద పెట్టాడు. సాంబ్రాణి పొగ వేసి, జల్లెడ చిల్లుల్లోంచి టార్చి వెలుగును ఎడమనుంచి కుడికి నడిపిస్తూ ఫోనులో తీశాడు. పనితనానికి తనే మురిసిపోయాడు.

బావ వచ్చాడు. శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనే పాలసామి. తెర వెలిగింది. వెలుగు పాలసామి మొహం మీద ఆగి, తర్వాత వెంకటరామన్ దగ్గరికి వచ్చింది.

"మాపిళ్ళే, చెవికుట్టులో మొదటి మరియాద ఎవురిది?" చెల్లెలి మొగుణ్ణి బావ పిలిచే పిలుపది.

"మేనమామది, బావా."

"మరి వెలుగు యాల ఆయన మీద ముందు పడె?"

"పడనీ. ఇంటికి పెద్దోణ్ణి కానా?" అన్నాడు పాలసామి.

"రెండే నిమిషాలు!" అని రామకృష్ణన్ కంప్యూటర్లో బొమ్మను కుడిఎడమలు తిప్పేశాడు. ఇప్పుడు వెలుగు ముందు బావ మీదే పడింది. బావ ఇంకా మండిపడ్డాడు.

"నా మేనకోడలికి ఎడం చేత్తో గాజు తొడిగినానా? ఊరంతా చూస్తారే!"

మళ్లీ రెండు నిమిషాలు. ఈసారి బొమ్మను ఉన్నట్టే ఉంచి వీడియోను వెనక్కి నడిపాడు. వెలుగు కుడినుంచి వచ్చింది, గాజు కుడిచేతిలోనే ఉంది. సాంబ్రాణి పొగ మాత్రం పైనుంచి దిగి ధూపపు గిన్నెలోకి దూరిపోయింది.

"పొగ కిందికి దిగుతుండాది! స్వామి వొద్దని తిప్పి పంపినట్టుండాది," అన్నాడు పాలసామి.

"అదే నేనూ చూస్తుండా," అన్నాడు వెంకటరామన్. ఆ ఉదయం వాళ్లిద్దరూ ఏకమైంది అక్కడే. బావ డబ్బా చంకలో పెట్టుకుని, మదురై వాళ్ల నంబరు కోసం ఫోను తీశాడు. రామకృష్ణన్‌ మళ్లీ టార్చి అందుకున్నాడు.

"నా జల్లెడ యాడ?" అంటూ రామకృష్ణన్ భార్య యువరాణి పాపను చంకనేసుకుని వంటింట్లోంచి వచ్చింది. మొగుణ్ణీ, అన్న వెంకటరామన్‌నూ, బావగారు పాలసామినీ చూసి, తెర చూసింది. "బిడ్డ యాడ?"

ముగ్గురూ ఆమె చంకలోని పాపకేసి చూశారు.

"చెవులు కుట్టింది బిడ్డకా, మీకా?"

పాపను అన్న ఒళ్లో పడేసి, టార్చి లాక్కుంది. గోడమీది ఫోటోలో పాప మొహానికి ఆనించి, మెల్లగా వెనక్కి జరిగింది. చిన్న చుక్క పెద్ద వలయమై ఇద్దరి భుజాలనూ ఒకేసారి తాకింది. రామకృష్ణన్ దాన్ని ఫోనులో తీశాడు, మీటలు కిందికి దించాడు.

తెర మీద పాప ఏడుపు మొహం మొదటిసారి కనబడింది. ఆ రోజు సూది దిగినప్పుడు పాప తన వేలు పట్టుకుని ఇలాగే ఏడ్చిన సంగతి వెంకటరామన్‌కు జ్ఞాపకం వచ్చింది. డబ్బా మూత తీశాడు. మొదటి ముక్క ఎవరికన్న చర్చ లేవకముందే పాప అందులో చెయ్యి పెట్టేసింది.

"పెళ్లి పని నీదే మాపిళ్ళే," అన్నాడు బావ. "టార్చి మాత్రం చెల్లెలు పట్టాల."

సోమవారం కొట్టు బోర్డు మారింది. యువరాణి పేరు ముందు, రామకృష్ణన్ పేరు వెనక. అక్షరాల ఎత్తు మాత్రం సమానమే. స్కేలు పెట్టి కొలిచి చూసినవాడు పాలసామి.