బావిలో పడ్డ పిల్ల విషయమై

ఫ్రిజ్‌లో ఖాళీ సీసా పెట్టిందెవరన్న ప్రశ్న మీద ఆ ఇంట్లో పొద్దున్నే విచారణ మొదలైంది. తాను చల్లనీళ్ళు ముట్టనే ముట్టనని అత్తగారు వాంగ్మూలం ఇచ్చింది. తాను తాగినా నింపకుండా పెట్టే రకం కాదని భర్త చెప్పాడు. “పాపం, నీళ్ళే సిగ్గుపడి ఆవిరైపోయుంటాయి” అంది ఇల్లాలు. ముగ్గురూ నిజాయితీపరులే కావడంతో విచారణ ఎటూ తేలలేదు.

ఇంతలో, అందరూ పిచ్చుక అని పిలిచే ఏడో తరగతి కూతురు తల్లి చేత జడ వేయించుకుంటూ అడిగింది.

“అమ్మా, బావిలో పడ్డవాళ్ళు ఎంతసేపు బతికుంటారు?”

సీసా సంగతి ముగ్గురూ మరిచిపోయారు. “పొద్దున్నే ఏం మాటలే అవి!” అంది అత్తగారు.

విషయం ఇది. బడిలో చివరి పీరియడులో క్లాసు టీచరు ఒక కథల పుస్తకం పైకి చదివి వినిపించేది. అందులో ఒక అల్లరిపిల్ల పక్కింటి గోడ దూకి, కాయ కోసుకుని, కొరుక్కుంటూ వెనక్కి వెనక్కి నడిచి పాడుబావిలో పడింది. వీధి వీధంతా పరుగెత్తుకొచ్చి తాడు వేసి పట్టుకుంది. పిల్ల సగం దూరం పైకి వచ్చింది. కథ అక్కడికి వచ్చేసరికి బడి గంట కొట్టారు. మర్నాటికి పుస్తకం లేదు. ఎవరి పిల్లవాడో, ఆ పిల్ల పైకొచ్చేదాకా అన్నం తిననని మొండికేశాడట; వాళ్ళ నాన్న ఫిర్యాదు పెట్టాడు. దాంతో పుస్తకం హెడ్మాస్టరుగారి బీరువాలోనూ, పిల్ల బావిలోనూ ఉండిపోయాయి.

బాధ్యత గల బడి కనక యాజమాన్యం వెంటనే ‘పైకి చదివి వినిపించదగిన పుస్తకాల ఎంపిక సంఘం’ వేసింది. హెడ్మాస్టరు, పళ్ళ డాక్టరు, వకీలు, రిటైరైన ఇంజనీరు అందులో సభ్యులు. తల్లుల తరఫున పిచ్చుక తల్లిని తీసుకున్నారు. ఆవిడ కాలేజీలో సాహిత్యం చదివింది. పైగా ఇంట్లో ఖాళీగానే ఉంటుందన్న సంగతి అందరికీ తెలుసు, ఆవిడకి తప్ప. సంఘం కూర్చునేది ఆ రోజే.

“ఆ పిల్లని పైకి లాగేసి వస్తావుగా అమ్మా?”

“చూస్తూ ఉండు. ఆ పెద్దమనుషుల చేత తాడు పట్టించకపోతే నన్ను పేరు మార్చి పిలువు.”

సభ హెడ్మాస్టరుగారి ఉపన్యాసంతో మొదలైంది. “పుస్తకం మంచి స్నేహితుడంటారు. పిల్లలు చెడిపోయేది స్నేహితుల వల్లేనని మనం మరవకూడదు” అన్నారాయన. అందరూ తలలూపారు.

కాయ కడగకుండా తినడం డాక్టరుకి నచ్చలేదు. కాయనీ, చేతుల్నీ, తిన్నాక నోటినీ కడిగించారు. గోడ దూకడం నేరమన్నాడు వకీలు. పక్కింటివారి అనుమతి తీసుకుని గేటులోంచి వెళ్ళేట్టు సవరించారు. పుస్తకం చివరిదాకా చదివినవారు సంఘంలో ఎవరూ లేరు. అభ్యంతరాలు మొదట్లోనే దొరికాక చివరిదాకా పోవడం దండగ కదా.

బావికి చుట్టుగోడ లేదని ఇంజనీరు బాధపడ్డాడు. నడుమెత్తు గోడ, పైన ఇనుప జాలీ ఉండాలన్నాడు.

“జాలీ వేస్తే పిల్ల ఎలా పడుతుందండీ?” అంది ఇల్లాలు.

“పడకూడదనే కదమ్మా వేసేది!”

ఆవిడ ఊరుకోలేదు. పడితేనే లాగేవాళ్ళుంటారనీ, పిల్లలు వినేది ఆ లాగడం కోసమేననీ వాదించింది. సంఘం మెత్తబడింది. బావి ఉన్నది ఉన్నట్టే ఉంచుదామని హెడ్మాస్టరు కలం మూత తీశారు.

సరిగ్గా అప్పుడు ఆవిడ కళ్ళు ఒక వాక్యం మీద పడ్డాయి. పిల్ల బయటికి జారుకునే వేళకి వాళ్ళమ్మ గురక పెట్టి నిద్రపోతోంది.

“ఇదొక్కటీ మాత్రం బాగాలేదండీ” అంది. “ఇంట్లో ఉండే ఆడవాళ్ళు పట్టపగలు గురకలు పెడతారని పిల్లల చెవిన వేస్తే ఎలా? నడుం వాల్చే తీరిక మాకెక్కడేడిసింది?”

ఎంత సున్నితమైన పరిశీలన అని సభ్యులు మెచ్చుకున్నారు. తల్లిని నిద్ర లేపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

వకీలుకి ఒక సందేహం మిగిలింది. “తల్లి మెలకువగా ఉంటే పిల్ల బయటికెలా వెళ్తుందమ్మా? మీరైతే వెళ్ళనిస్తారా?”

“నేనా? గడప దాటనిస్తానా!” అంది ఆవిడ, మెడ కాస్త నిక్కించి.

మిగతా పని కలమే చూసుకుంది. సంతకాలయ్యాయి. టీ తాగి, పుస్తకం అందరూ తలో చెయ్యీ వేసి పట్టుకుని ఫోటో దిగారు.

రాత్రి భోజనాల దగ్గర ఇల్లాలు నిర్ణయం ప్రకటించింది. “పుస్తకం బయటికొచ్చింది. రేపట్నుంచి మళ్ళీ చదువుతారు.”

“నా బంగారు అమ్మ!” అని ఎగిరింది పిచ్చుక. “అయితే ఆ పిల్ల పైకొచ్చేసిందా?”

“అసలు పడనే లేదు.”

“మరి బావి?”

“తీసేశాం. పిల్ల ఇల్లే కదలనప్పుడు బావెందుకు?”

“భేషైన పని” అన్నాడు భర్త.

“పిల్లేం చేస్తోంది మరి?”

“వాళ్ళమ్మ పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.”

పిచ్చుక చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. “తాడు పట్టుకున్నారే, అంతమంది? వాళ్ళో?”

ఇల్లాలి గరిటె కూరగిన్నెలో ఒక్క క్షణం ఆగింది. సభలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

“బావి లేదని తెలిశాక వాళ్ళకి మాత్రం ఏం పనే? తాడు పడేసి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. తిను.”