పోలిక ఇల్లు

పాతగని కాలనీ రేకుల ఇండ్లలోకి ఈ ఏడాది నుంచి ఎండ తన ఇష్టం వచ్చినట్టు జొరబడరాదని, లోపలికి రాదలచిన ప్రతి సూర్యకిరణమూ స్వతంత్ర రేటింగుకు లోబడి మాత్రమే రావాలని శీతల గృహ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది! తీర్మానం చేసిన గదిలో ఏసీ ఉంది. అందువల్ల ఎండ ఎట్లా ఉంటుందో గుర్తు చేసేవాళ్లు అక్కడ ఎవరూ లేకపోయారు.

అది రెండువేల పన్నెండు, ఏప్రిల్ నెల. పాతగని కాలనీ అంటే గోదావరిఖనికి ఆనుకుని, ఓపెన్‌కాస్టు బొగ్గు గని మట్టి గుట్టలకు ఎదురుగా నాలుగు వరుసల సిమెంటు రేకుల ఇండ్లు. వేసవి వస్తే ఆ రేకుల కింద మనుషులు ఉండరు, ఉడుకుతారు. రెండో వరుసలో ఏడో ఇల్లు సారలమ్మది. ఆమె మొగుడు బుచ్చన్న ముప్పై ఏండ్లుగా బొగ్గుబాయిలోకి దిగుతున్నవాడు. "ఇంట్ల కంటె బాయిలనే నయం," అని సెలవు రోజు కూడా డ్యూటీ అడుక్కునేవాడు.

ఆ ఏడాది సారలమ్మ ఫికరు వేరే. బిడ్డ సంధ్యారాణి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏప్రిల్ మొదటివారంలో ఆడపిల్లను కన్నది. తొలికాన్పు బిడ్డను ఐదో నెలలో ఒడిబియ్యం పోసి, పిల్లకు వెండి మొలతాడు కట్టి అత్తగారింటికి పంపడం పద్ధతి. సారలమ్మను ఆమె తల్లి అట్లాగే పంపింది. ఆ తల్లిని ఆమె తల్లి అట్లాగే పంపింది. అంతకు ముందు సంగతి కూడా సారలమ్మకు తెలుసు గానీ, అది చెబుతూ కూర్చుంటే మన కథకు ఎండాకాలం దాటిపోతుంది.

ఇంతలో మంచిర్యాల నుంచి వియ్యపురాలు పోశవ్వ ఫోను చేసింది.

"వదినె, ఆ రేకుల కింద నా మనుమరాలు అప్పడం లెక్క కాలుతది. మాదంటె స్లాబు ఇల్లు. వచ్చేనెల ఇరవై తారీఖు ఆయితారం నాడు వస్త. ఇల్లు సల్లగుంటె సరే. లేకుంటె తల్లీపిల్లను తోల్కపోత!"

పోశవ్వ నోట స్లాబు మాట రాని రోజు లేదు. పెండ్లిచూపులప్పుడు ముందు స్లాబు చూపించి తర్వాత పిల్లవాడిని చూపించింది. నెల పిల్లను ఎండకు భయపడి పంపేసిందంటే కాలనీలో సారలమ్మ తల ఎత్తుకోగలదా? అది అటుంచండి, పొద్దున లేస్తే ఆ పిల్ల మొహం చూడకుండా ఆమె ఉండగలదా?

సరిగ్గా అప్పుడే శీతల గృహ సంఘం అధ్యక్షుడు ఉమామహేశ్వర్ కాలనీ ఆడవాళ్లను వేపచెట్టు కింద సమావేశపరిచాడు. మంథని మనిషి, బొగ్గు కంపెనీ ఆఫీసు ఉద్యోగి. ఎదుటివాళ్లకు అర్థమైతే తన మాటకు విలువ తగ్గిపోతుందని నమ్మేవాడు.

"సోదరీమణులారా! మీ కప్పులకు వేయబోయేది మామూలు రంగు కాదు. రేటింగు పొందిన శీతల లేపనం!"

"రేటింగంటె ఏంది సారూ?" అని అడిగింది సారలమ్మ.

"మంచి ప్రశ్న! రంగు చేసినవాడే 'నా రంగు చల్లన' అంటే ప్రామాణికం కాదు. అందుకని వేరే సంస్థ ఉంటుంది. ఆ రంగు అమ్ముడుపోయినా, పోకపోయినా ఆ సంస్థకు ఒకటే. రంగువాడు నమూనా ఇస్తాడు. ఆ సంస్థ ఒప్పుకున్న ల్యాబు కొలుస్తుంది. రెండే లెక్కలు. మీద పడ్డ ఎండను నూటికి ఎంత తిప్పికొట్టింది? మింగిన వేడిని ఎంత తొందరగా బయటికి వదిలింది? ఆపైన అంగట్లోంచి చెప్పకుండా ఒక డబ్బా కొని మళ్లీ కొలిచినా కొలుస్తారు!"

"అంటె పరీక్ష రాసిన పిలగాడే పేపరు దిద్దుకోవద్దు. గంతేనా?"

మూడు ఫైళ్లలో ఉన్న సంగతిని ఒక్క వాక్యంలో ఊడ్చేసినందుకు ఉమామహేశ్వర్‌కు చిన్నతనం అనిపించింది.

"అంతే కాదు! కొత్తగా ఉన్నప్పుడు ఒక అంకె. మూడేళ్లు ఎండావానల్లో వదిలేసి మళ్లీ ఒక అంకె. మధ్యలో కడగరాదు, తుడవరాదు. రెండు అంకెలూ డబ్బా మీద వేస్తారు."

"మూడేండ్లెందుకు సారూ! మూడు దినాలు మా కప్పు మీద పెట్టున్రి. మూడేండ్ల దుమ్ము పడ్తది!"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఉమామహేశ్వర్ నవ్వలేదు. "స్థానిక పరిస్థితులు" అని రాసుకున్నాడు. వారం తిరిగేసరికి అది కొత్త తీర్మానమైంది. పక్కపక్కనే ఉన్న రెండిండ్లలో ఒకదానికి రంగు వేస్తారు, రెండోదాన్ని ఉన్నదున్నట్టు వదిలేస్తారు. ఇరవై రోజుల తర్వాత హైదరాబాదు నుంచి రేటింగు ఇంజనీరు వచ్చి రెండూ కొలుస్తాడు. రంగు గెలిస్తే కాలనీ అంతటికీ రంగు!

చీటీలు వేశారు. రంగు ఎనిమిదో ఇంటికి వచ్చింది. అది రాయమల్లుది. ఏడో ఇంటికి పోలిక ఇల్లు అనే హోదా వచ్చింది.

సారలమ్మ ఆఫీసుకు పరుగెత్తింది. "సారూ, ఇంట్ల పచ్చి బాలెంత ఉన్నది. ఆ రంగేదో నా కప్పు మీద వెయ్యరాదు? నీకు పున్నెముంటది."

"అమ్మా, మీ ఇల్లు వేడిగా ఉండటమే ఈ పరీక్షకు ప్రాణం! మీరు ఎంత ఉడికితే ఫలితం అంత స్పష్టంగా వస్తుంది. ఇది త్యాగం!"

"త్యాగం నేను చేస్త సారూ. నెల పిల్ల ఎట్ల చేస్తది?"

ఉమామహేశ్వర్ ఫైలు మూసి, బోర్డు రాసేవాడిని పిలిపించాడు. సాయంత్రానికి ఆమె తలుపు మీద "పోలిక ఇల్లు" అని బోర్డు కొట్టారు. బుచ్చన్న దాన్ని రెండుసార్లు చదివి, "ముప్పై ఏండ్ల సర్వీసుల నా పేరు మీద ఒక్క బోర్డు రాలె. ఇగొచ్చింది సూడు!" అన్నాడు.

రాయమల్లు కప్పు మాత్రం పాలమీగడలా మెరిసింది. అతను వారం రోజులు నేల మీద నడవలేదు. చూడటానికి వచ్చినవాళ్లను కాళ్లు కడుక్కొని లోపలికి రమ్మనేవాడు. కానీ రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు అవుతుంది కదా. ఆ దుమ్ముకు రేటింగు అంటే గౌరవం లేదు. పది రోజులకు పాలమీగడ బూడిదైంది, పదిహేను రోజులకు పెనం అడుగైంది. రాయమల్లు బకెటూ చీపురూ పట్టుకుని నిచ్చెన ఎక్కబోతే సంఘం మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"కడుగుతున్నవా! కడిగితె రేటింగు పోతది!"

"కడగకుంటె రంగే పోతది గదనే!"

"రంగు పోతె పోనీ. రేటింగు ఉండాలె!"

ఆరోజు నుంచి ఆ కప్పును ఎవరూ శుభ్రం చేయకుండా కాపలా పెట్టారు.

ఇక ఆదివారం ఇంజనీరు రావడానికి రెండు రోజుల ముందు సంగతి. పై నుంచి ఎవరైనా వస్తున్నారంటే కాలనీకి సున్నం పట్టడం ఆనవాయితీ. రోడ్డు అంచున రాళ్లకు సున్నం, చెట్ల మొదళ్లకు సున్నం, కరెంటు స్తంభాలకు సున్నం. కదలకుండా పడుకున్న ఒక కుక్క తోకకు కూడా కొంచెం అందింది. పర్యవేక్షణకు వచ్చిన ఉమామహేశ్వర్ నిచ్చెన ఎక్కి పోలిక ఇంటి కప్పు చూశాడు. ఏండ్ల మసి, పాత టైరు, విరిగిన కుర్చీ!

"హరిహరీ! ఇంజనీరు ఇది ఫొటో తీస్తే మన పరువేం కావాలి? కడగండి! సున్నం కొట్టండి!"

కింద నిలబడ్డ సారలమ్మకు లోలోపల సంబరమైంది. మొహంలో మాత్రం ఏమీ కనిపించనివ్వలేదు.

"సారూ, ఒక్క పూత ఏస్తె పల్చగుంటది. ఫొటోల మసి కనవడ్తదేమో. పరువు సంగతి మరి!"

"రెండు పూతలు వేయండి!"

"బంక కలపకుంటె ఆయితారం నాటికి రాలుతది సారూ."

"బంక కలపండి!"

రాయమల్లు గోడ మీంచి తల ఎత్తాడు. "సారూ, మా కప్పుకు గూడ..."

"ముట్టుకోకు! మీది పరీక్షలో ఉంది!"

ఆదివారం పదకొండింటికి ఇంజనీరు వచ్చాడు. పేరు ఋషికేశ్, పాతికేళ్లుంటాయి. అవసరమైతే తప్ప మాట్లాడని మనిషి. అదే సమయానికి ఆటోలోంచి పోశవ్వ దిగింది, చేతిలో పెద్ద సంచి. సారలమ్మ చూపు ఆ సంచి మీదే పడింది. తల్లీపిల్లల బట్టలు సర్దుకుపోవడానికే తెచ్చిందనుకుంది. పోశవ్వ నేరుగా లోపలికి పోయింది. పైకి రేకుల వంక చూసింది. గోడ మీద చెయ్యి పెట్టి చూసింది. పిల్ల పక్కన చాప మీద ఒరిగింది. కాసేపటికి గురక వినిపించింది.

పైన ఋషికేశ్ పరికరం పెట్టి కొలిచాడు, దిగి వచ్చి అంకెలు చదివాడు.

"రంగు వేసిన కప్పు నూటికి యాభై రెండు తిప్పికొడుతోంది. పోలిక ఇంటి కప్పు డెబ్బై ఆరు."

ఉమామహేశ్వర్ తలపాగా ఉన్నవాడైతే అది కిందపడేది. "అటుది ఇటు చదివారేమో చూడండి!"

"లేదు సార్."

"యంత్రానికి ఎండదెబ్బ తగిలిందేమో!"

"ఎండను కొలవడానికే చేసిన యంత్రం సార్." ఋషికేశ్ సారలమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీ కప్పుకు వేసింది ఏ కంపెనీది?"

"కంపెనీ గింపెనీ లేదు బిడ్డా. ఆఫీసోళ్లు మీరొస్తున్నరని ఏయించిన సున్నం."

అతను నవ్వు ఆపుకుని రాసుకున్నాడు: సున్నం, రెండు పూతలు, వయసు రెండు రోజులు. రంగు, వయసు ఇరవై రోజులు, కడగలేదు. రాసి, "సార్, ఇవి రెండూ పోల్చదగ్గవి కావు. కొత్తదాన్ని కొత్తదానితో, పాతదాన్ని పాతదానితో చూడాలి. ఆ మాట కూడా రాశాను. మంచి చెడ్డలు మేం చెప్పం. కొలిచింది రాస్తాం," అన్నాడు.

ఉమామహేశ్వర్ అతన్ని చెట్టు చాటుకు తీసుకుపోయాడు. "మీరు స్వతంత్రులు, కాదనను. స్వతంత్రంగానే ఉండండి. కానీ కాస్త మాకు అనుకూలంగా స్వతంత్రంగా ఉండకూడదా?"

"ఉండొచ్చు సార్. కానీ అప్పుడు మా కాగితం మీకు దేనికి?" అని ఋషికేశ్ సంతకం చేసి, బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ కాగితాన్ని ఉమామహేశ్వర్ గంటసేపు చూశాడు. చూడగా చూడగా అందులో తనకు కావలసింది కనిపించింది. పోల్చకూడదన్న వాక్యం మడతలో పడిపోయింది. మూడింటికి బయటికి వచ్చి చదివాడు.

"రంగు వేయని ఇల్లే చల్లగా ఉన్నట్టు స్వతంత్రంగా రుజువైంది! కావున కాలనీకి రంగు అనవసరం. మిగిలిన ముప్పై డబ్బాలు వృథా కాకుండా అధికారుల క్లబ్బు కప్పుకు వేయబడును."

"క్లబ్బుల ఏసీ ఉన్నది గద సారూ!" అన్నాడు రాయమల్లు.

"ఏసీకి మాత్రం ఎండ తగలదా ఏం?" అని ఉమామహేశ్వర్ రెండో పేజీ తిప్పాడు. "మరియు, పోలిక ఇంటి కప్పున ఉన్న సున్నానికి ఏ రేటింగు సంస్థ లేబులూ లేదు. కావున ఆ కప్పును తక్షణం పూర్వస్థితికి తేవాలి."

"పూర్వస్థితంటె ఏంది సారూ?" అంది సారలమ్మ, ఏమిటో తెలిసి కూడా.

"మునుపున్న స్థితి."

"మునుపు మసి ఉండె. తెల్లగున్నదాన్ని నల్లగ చేయనీకి గూడ ఆర్డరా!"

ఇద్దరు మనుషులు ఇనుప బ్రష్షులతో కప్పెక్కారు. సారలమ్మ కింద నిచ్చెన పట్టుకుని బతిమాలింది, తిట్టింది. బర్రుబర్రుమని గీకుడు మొదలైంది. లోపల పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. మరుక్షణం కొంగు బిగించుకుంటూ పోశవ్వ వాకిట్లోకి వచ్చింది.

"ఎవడ్రా పైన గీకేది? దిగున్రి!"

"అమ్మా, లేబుల్ లేని, మూడేళ్లు ఎండలో పరీక్షకు నిలవని చల్లదనాన్ని సంఘం అనుమతించదు," అన్నాడు ఉమామహేశ్వర్.

"నా మనుమరాలికి లేబులున్నదా? అది పుట్టి నెలన్నర. దాన్ని గూడ మూడేండ్లు ఎండల పెట్టి సూస్తవా? ఏం సారువు నువ్వు! మీ ఇంట్ల ఆడోళ్లు లేరా, పసిపోరలు లేరా? నడూ, మీ ఇంటికి పోయి అడుగుదం!"

బ్రష్షులు వాటంతటవే కిందికి దిగాయి. ఇంటి దాకా వస్తానన్న మనిషికి ఏ నిబంధన చూపాలో ఉమామహేశ్వర్‌కు తోచలేదు. ఆయన మధ్యేమార్గం కనిపెట్టాడు. ఆరో ఇంటి నల్లటి కప్పు ఫొటో తీయించి, కింద "పోలిక ఇల్లు పూర్వస్థితికి తేబడినది" అని రాసి సంతకం చేశాడు. ఆ రోజు నుంచి ఫైల్లో సారలమ్మ కప్పు నల్లగానే ఉంది. మరుసటి వారం వరుస వరుసంతా బంక కలిపి సున్నం కొట్టుకుంది. అవీ ఫైల్లో నల్లగానే ఉన్నాయి.

ఆ సాయంత్రం సారలమ్మ గుండె చిక్కబట్టుకుని వియ్యపురాలి ముందు చాయ పెట్టింది. "వదినె, మరి తల్లీపిల్ల సంగతి..."

"ఏం సంగతి? ఈడనే ఉంటరు. ఐదో నెల దాంక కదలొద్దు."

సారలమ్మ కండ్లలో నీళ్లు తిరిగాయి. పోశవ్వ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. కొంచెం చక్కెర కూడా ఎక్కువ వేసింది. "చీకటి పడకముందే బస్టాండుకు ఆటో పిలువమంటవా వదినె?"

పోశవ్వ వినిపించుకోలేదు. పెద్ద సంచి ముందుకు లాక్కుని ముడి విప్పింది. అందులోంచి ఆమె చీరలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి, పన్నెండు. తర్వాత ఆమె దిండు, దువ్వెన, ఆకువక్కల డబ్బా, మోకాళ్ల నొప్పి నూనె. పిల్ల బట్టలు పెట్టుకోవడానికి అందులో బెత్తెడు చోటైనా లేదు.

సారలమ్మ బిడ్డ వైపు చూసింది. సంధ్యారాణి నవ్వు దాచుకుంటూ తల్లి చెవిలో చెప్పింది. "అమ్మా, మా ఇంటి స్లాబు పొద్దంత కాగుతది, దీపాలు పెట్టినంక సెగ కక్కుతది. ఎండకాలమొస్తె అత్త ఏ సుట్టపోళ్ల ఇంటికి పోదునా అని సూస్తది."

"పోను మనసైతలేదు వదినె," అంది పోశవ్వ, రేకుల కింద కలయజూస్తూ. "పసిపిల్లను ఇడిసిపెట్టి ఎట్ల పోత చెప్పు? శ్రావణం దాంక ఉంట."

పిల్ల తూర్పు మూల ఊయలలో ఉంది. పోశవ్వ గోడలన్నీ అరచేత్తో తడిమి, అన్నిటికన్నా చల్లగా ఉన్న ఉత్తరపు మూల చూసి చాప పరిచింది. ఆ మూలలో ఉన్న బుచ్చన్న మంచాన్ని సారలమ్మ వాకిట్లోకి మోసింది.