నాలుగంగుళాల తీర్మానం

వంటింటి గట్టు మందం నాలుగంగుళాలు ఉండాలని తీర్మానం పెట్టాను. మా ఇంట్లో ఓట్లు రెండే. నా భార్య మార్తమ్మ వ్యతిరేకించింది. తీర్మానం నెగ్గిందని నేనే ప్రకటించాను.

నాచారం ఫ్యాక్టరీ గేటు దగ్గర యూనియన్ మీటింగుల్లో నన్ను మైకు మోషే అంటారు. మైకు లేకపోయినా అంటారు.

మార్తమ్మ మోకాళ్లు పోయాయి. ఇంక కింద కూర్చుని వండితే మంచాన పడుతుందని డాక్టరు చెప్పాడు. అందుకని నిలబడి వండే గట్టు. వంటింట్లో రెండు సన్నటి ఇటుక గోడలు కట్టాను. వాటి మీద పెట్టే కాంక్రీటు పలక పెరట్లో పోయాలి. రెండంగుళాలు చాలు, లోపల ఇనుప సలాకలు వేస్తే ఆగుతుంది, నాలుగైతే ఆ గోడలు కూలి తన కాళ్ల మీదే పడతాయని ఆమె చెప్పింది. సన్నగా ఆలోచించేవాళ్ల వల్లే దేశం ఇట్లా ఉందని ఉపన్యాసం దంచాను.

గురువారం పెరడు చదును చేసి, ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున చుట్టూ చెక్కలు నిలబెట్టాను. లోతు సరిగ్గా నాలుగంగుళాలు. డెబ్బై మూడులో పర్మిట్టు లేనిదే సిమెంటు దొరికేది కాదు. ఆగాను.

పక్కింటి పరంధామయ్య కోస్తా నుంచి వచ్చిన రిటైర్డు గుమాస్తా. గోడ మీంచి తొంగి చూశాడు.

"ఎవరి కొలతండీ?"

శుక్రవారం డ్యూటీ నుంచి వచ్చి స్కేలు పెడితే మూడున్నర.

శనివారం మూడు. చెక్కలు కదల్లేదు. అడుగుజాడ లేదు. లోపలి నుంచి ఎవరో వీపుతో తోసినట్టు మట్టి నున్నగా పైకి వచ్చింది. చెయ్యి పెడితే చల్లగా తగిలింది. వీధి కుక్క అక్కడిదాకా వచ్చి, వాసన చూసి, చుట్టూ తిరిగి పోయింది.

మార్తమ్మ బియ్యం ఏరుతూ, నేల ఉబ్బిందేమో అంది.

పూర్వం ఇక్కడ ఏముండేదోనని పరంధామయ్య గొంతు తగ్గించాడు. దొరలు జనాన్ని భయపెట్టడానికి పుట్టించినవే దయ్యాలని గట్టిగా చెప్పాను. చెబుతూ రెండడుగులు వెనక్కి జరిగాను.

ఆదివారం పొద్దంతా కుర్చీ వేసుకుని కాపలా కాశాను. వెంట్రుకవాసి లేవలేదు.

"ఆదివారం వాళ్లకీ సెలవేమోనండీ," అన్నాడు పరంధామయ్య.

సోమవారం రెండున్నర. మంగళవారం రెండు. ఇంకో నాలుగు రోజులైతే నేల చెక్కల అంచుకు వస్తుంది. దాని వెనక ఏమొస్తుందో.

ఆ సాయంత్రమే సిమెంటు వచ్చింది.

"ఇంకేం సూస్తున్నవ్, పొయ్యరాదు," అంది మార్తమ్మ. "ఇగ లేవదు."

నీకెట్లా తెలుసని అడిగే ధైర్యం లేదు. సలాకలు ఆమె ముందే కోయించి పెట్టింది. కాంక్రీటు పోసి, తడి గోనెలు కప్పాను. గోనెల కింద అది అచ్చం మనిషిలా పడుకుంది. పది రోజులు మార్తమ్మ పొద్దునా సాయంత్రం దాని మీద నీళ్లు పోస్తుంటే, దారినపోయేవాళ్లు చెప్పులు విడిచి నిలబడేవారు.

పదకొండో రోజు నలుగురం మోశాం. పరంధామయ్య చేతులు జోడించాడు. పలక గోడల మీద కూర్చుంది. గోడలు చెక్కుచెదరలేదు. మార్తమ్మ స్టవ్వు పెట్టి, నిటారుగా నిలబడి పప్పు తాలింపు వేసింది. మోకాళ్లు పట్టుకోలేదు.

అప్పుడు అడిగాను, ఆ నేల ఎందుకు లేచిందని.

"నువ్వు డ్యూటీకి పోంగనే మట్టి జల్లెడ పట్టి పోసిన. రోజుకు అరంగుళం. నీళ్లు జల్లి కంచంతోని అదిమిన."

"నోటితోని చెప్పొచ్చు గదనే?"

"నాల్గుసార్లు చెప్పిన. పెండ్లాం మాట ఇంటవా నువ్వు? దయ్యం చెప్తేనే ఇంటవ్."

సంచి తీసుకుని ఉప్పల్ అంగడికి బయలుదేరాను. కాకరకాయలు ఎంత లావువి తేవాలో అడిగి మరీ పోయాను.