కామేశ్వరి మరణంలో వాటాలు

పండగ రోజుల్లో ప్రజలకు ఒత్తిడి తగ్గించడం కోసం కోటిలంక పురపాలక సంఘం ఆ ఏడాది టైలర్ శేషగిరి భార్య కామేశ్వరి మరణాన్ని ఊరందరికీ పంచిపెట్టింది.

కామేశ్వరి శ్రావణమాసంలో పోయింది. ఇంట్లో మనిషి పోతే ఏడాది పాటు పండగ చేయరు. బూజులు దులపరు, కొత్త బట్టలు కుట్టించరు, మూకుడు పొయ్యి మీద పెట్టరు. ఎవరైనా అడిగితే “ఈ ఏడు మాకు పండగ లేదండీ” అంటే చాలు, అవతలివాళ్లు రెండో ప్రశ్న వేయరు. దసరా దగ్గరపడుతుండగా ఒత్తిడి నివారణ విభాగం ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేసింది. బీపీ పెరగనిది ఆ ఒక్క ఇంట్లోనే అని తేలింది. ఇంత సౌకర్యం ఒకే కుటుంబానికి దక్కడం న్యాయం కాదని కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది.

మరణాన్ని విస్తరాకు పొట్లాలుగా కట్టి, దారం చుట్టి, మున్సిపల్ ఆఫీసు మూడో కిటికీలో ఇచ్చారు. పొట్లం గుమ్మానికి వేలాడదీస్తే ఆ ఇంటికి పండగ లేనట్టు. క్యూ చేపల మార్కెట్టు దాకా సాగింది.

“మీకూ కామేశ్వరిగారేనా?”

“ఆయ్, ఆవిడేనండి. ఈ ఏడు ఊళ్లో ఇంకెవరు పోయారు?”

“బాబ్బాబు, నాకు రెండివ్వండి. మా ఆడపడుచులు నలుగురూ పిల్లల్తో సహా దిగిపోతున్నారు.”

“ఇంటికొకటేనమ్మా. జరగండి, జరగండి.”

శేషగిరి క్యూలో నిలబడలేదు. ఆమె తన భార్య కనుక, విడిగా అడగనక్కర్లేదనుకున్నాడు. మర్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టర్ వచ్చి, గుమ్మానికి పొట్లం లేదు కాబట్టి పండగ ఏర్పాట్లు ఎంతవరకు వచ్చాయో చూపించమన్నాడు. శేషగిరి కిటికీ దగ్గరకు వెళ్లేసరికి పొట్లాలు అయిపోయాయి.

“కొంచెం కూడా మిగల్లేదాండీ?”

“మీరు దరఖాస్తు పెట్టుకోలేదు కదండీ,” అన్నాడు గుమాస్తా త్రినాథ్.

“ఆవిడ నా భార్యండి.”

“నిన్నట్నుంచీ అందరూ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారండి. అక్క అన్నారు, పిన్ని అన్నారు, ప్రాణస్నేహితురాలన్నారు. మీరే ఆలస్యంగా వచ్చారు.”

ఎవరైనా వాపసు చేస్తే తనకు ఇప్పించమని శేషగిరి కోరాడు. త్రినాథ్ మంచివాడు. తప్పకుండా కబురు చేస్తానన్నాడు.

అలా ఊళ్లో పండగ ఉన్న ఇల్లు శేషగిరిదొక్కటే అయింది. పండగ లేని ఇళ్లకు పండగ ఉన్నవాళ్లు పిండివంటలు పంపాలి కనుక, ఊరందరికీ అతనే పంపాలి. చుట్టాలు పండగ ఉన్న ఇంట్లోనే దిగాలి కనుక, అందరి చుట్టాలూ అతని ఇంట్లోనే దిగారు. క్యూలో ఆవిడ చెప్పిన నలుగురు ఆడపడుచులూ వీధి గది తీసుకున్నారు.

దసరాకు శేషగిరి చేతులు కాల్చుకున్నాడు. బూరెలు నూనెలో విచ్చిపోయాయి. ఎదురింటి మంగాయమ్మ తన అరుగు మీద కాళ్లు చాపుకుని చూస్తూ, “పైపిండి పల్చనైపోయిందండి శేషగిరిగారూ. నేనొచ్చి చేద్దును గానీ, మాకు పండగ లేదు కదా,” అంది.

“ఇన్నేళ్లూ కామేశ్వరికి ఎవరు సాయం చేసేవారండీ?”

“ఎవరు చేస్తారండి? ఒక్కత్తే చేసుకునేది. మీరు మిషను మీద ఉండేవారు, మేము మా పొయ్యిల దగ్గర ఉండేవాళ్లం.”

శేషగిరి పిండి మళ్లీ కలిపాడు.

దీపావళికి చేయి తిరిగింది. ఒక్క బూరె కూడా విచ్చలేదు. చుట్టాలు ముందే తిన్నారు, పిల్లలు అతని గుమ్మం ముందే మతాబులు కాల్చారు, ఊరంతా కాళ్లు చాపుకుని చూసింది. బూరెల రుచి అచ్చం కామేశ్వరి చేసినట్టే ఉందని నాలుగు వీధులవాళ్లు ఒప్పుకున్నారు. పురపాలక సంఘానికి షీల్డు వచ్చింది. పట్టణంలో ఒక్కరికీ ఒత్తిడి లేదని చైర్‌పర్సన్ వేదిక మీద ప్రకటించగానే చప్పట్లు మోగాయి. ఆ సమయానికి శేషగిరి పెరట్లో మూకుళ్లు తోముతున్నాడు. అతను సభలో లేడు కనుక లెక్కలోకి రాలేదు.

కార్తీకంలో పెళ్లి ముహూర్తాలు వచ్చాయి. గుమ్మానికి పొట్లం ఉన్న ఇంట్లో పెళ్లి చేయకూడదు. పొట్లాలు వాపసు చేయడానికి అందరూ మూడో కిటికీ ముందు మళ్లీ క్యూ కట్టారు. ఈసారి చేపల మార్కెట్టు కూడా దాటింది. త్రినాథ్ మాట నిలబెట్టుకుని కబురు పంపాడు. శేషగిరి ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు.

“తొందరగా తీసుకోండి బాబూ, అవతల పందిరి వేస్తున్నారు.”

“ఏమనుకోకండి శేషగిరిగారూ,” అంది మంగాయమ్మ. “మావాడికి సంబంధం కుదిరింది.”

“సంతోషమండి. ఇలా ఇవ్వండి.”

పొట్లాలు ఒక్కొక్కటే చేతికి వచ్చాయి. దారాలు చుట్టింది చుట్టినట్టే ఉన్నాయి. ఎవరూ విప్పలేదు. సాయంత్రానికి రెండు గోతాలు నిండాయి.

“మొత్తం మీకే వచ్చిందండి,” అన్నాడు త్రినాథ్, లేచి నిలబడి కరచాలనం చేస్తూ. “మా ఆఫీసులో ఇలా ఎవరికీ రాలేదు. బాగా బరువుంటుంది. ఆటో పిలవమంటారా?”

“వద్దండి.”

శేషగిరి గోతాలు రెండు భుజాలకూ ఎత్తుకుని మెయిన్ రోడ్డు మధ్యగా నడిచాడు. పెళ్లి సామాన్లు కొంటున్నవాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, ఆ వెంటనే బజారంతా అందుకుంది. అతను తల దించలేదు.

ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాడు. నేల మీద కూర్చుని, మొదటి పొట్లం దారం విప్పాడు. తొందరేమీ లేదు. ఇక అందులో ఎవరికీ వాటా లేదు.