బ్రేకు పోలయ్య

ఒక పెద్ద అడవిలో టీవీ వచ్చిన మొదటి ఏడాదే ‘బండి సంగతి’ అనే కార్యక్రమం మొదలైంది. ప్రతి గురువారం సాయంత్రం అరగంట. పాటల్లేవు, డాన్సుల్లేవు. ఉడుము పోలయ్య ఏదో ఒక కొత్త బండి కిందకి దూరేవాడు. కాసేపు తెర మీద అతని తోక ఒక్కటే కనిపించేది. తర్వాత దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చి, గులకరాళ్ళు నమిలినట్టుండే గొంతుతో చెప్పేవాడు.

"ఇరుసు గట్టిదే. చక్రాలు పర్వాలేదు. బ్రేకు మాత్రం వానలో పట్టదు. పిల్లలున్నవాళ్ళు కొనొద్దు."

అంతే. పిల్లలున్నవాళ్ళు కొనేవారు కాదు. వారం తిరక్కుండానే కార్ఖానా అడవిపందులు బ్రేకు మార్చి తెచ్చి, "పోలయ్య గారూ, ఇంకోసారి చూసిపెట్టండి" అని వరసలో నిలబడేవి. అడవిలో ఎవరైనా పెళ్ళికొడుకుని చూసొస్తే, "పైపైన చూశారా, కిందకి దూరి చూశారా?" అని అడగడం వాడుకైపోయింది.

పదకొండేళ్ళు అలా గడిచాక ముసలి ప్రొడ్యూసరు తాబేలు రిటైరై, ఆ కుర్చీలోకి కొంగ పద్మనాభం వచ్చాడు. కుర్చీలో కూర్చునేవాడు కాదు. దాని మీద ఒంటికాలిపై నిలబడి ఆలోచించేవాడు.

"పోలయ్యా, నిన్న నాలుగు నిమిషాలు తెర మీద నీ తోక తప్ప ఏమీ లేదు," అన్నాడు.

"నాలుగు నిమిషాలూ బ్రేకు చూశానండి."

"నువ్వు చూశావు. జనం ఏం చూశారు?"



మరుసటి నెల యాంకర్లుగా నెమలి వంశీధరూ, ఒక ఎలుగుబంటీ దిగారు. వంశీధర్‌కి బండి ముందేదో వెనకేదో తెలియదు గానీ, దాని ముందు నిలబడి పురి విప్పడం తెలుసు. ఎలుగుబంటికి ఆ పురి మీద జోకులెయ్యడం తెలుసు. ఇద్దరూ తిట్టుకుంటుంటే అడవంతా పడిపడి నవ్వేది. ఉన్నమాట చెప్పుకోవాలి, పోలయ్య కూడా నవ్వాడు. ఇంట్లో పిల్లలు అన్నం మానేసి మరీ చూసేవాళ్ళు.

అరగంట గంటైంది. బండ్లు చిరుతతో పందేలు వేశాయి. వాగులు దూకాయి. ఓసారి కొత్త బండిని తీసుకెళ్ళి జలపాతం మీంచి తోశారు.

"ఎందుకండీ తోశారు?" అని పోలయ్య అడిగాడు.

"పడితే ఏమవుతుందో చూద్దామని," అన్నాడు పద్మనాభం.

"పగుల్తుందండీ."

"ఆ సంగతి నీకు తెలుసు. జనానికి కళ్ళారా చూడాలని ఉంటుంది."

ఏడు అడవుల్లో జనం కళ్ళారా చూశారు. పోలయ్య వంతు అరగంట నుంచి అయిదు నిమిషాలకీ, అయిదు నుంచి ఒకటికీ దిగింది. చివరికి అతను చెప్పేది తెర అడుగున చిన్న అక్షరాల్లో, ఎలుగుబంటి పాదాల వెనకగా పరిగెత్తేది. ఒక గురువారం అది కూడా పరిగెత్తలేదు. పోలయ్య ఇంట్లో కూర్చున్నాడు.

పేరొచ్చాక నెమలీ ఎలుగుబంటీ పక్క అడవి ఛానెల్‌కి వెళ్ళిపోయారు. పద్మనాభం రెండు చిలకల్ని తెచ్చాడు. అవి పాత జోకులే పొల్లుపోకుండా చెప్పాయి. తర్వాత తన జోకులకి తనే నవ్వుకునే హైనాని తెచ్చాడు. జనం పాతవాళ్ళే కావాలన్నారు. పాతవాళ్ళని తిరిగి తెస్తే, "అయ్యో, ముసలాళ్ళైపోయారే" అని ఛానెల్ మార్చేశారు.

సరిగ్గా అప్పుడే అడవి పంచాయతీ ఒక అంబులెన్సు బండి కొనాలనుకుంది. కొండమీద జబ్బుచేసినవాళ్ళని ఘాట్ రోడ్డు దింపి, ఏటి ఒడ్డునున్న ఆస్పత్రికి చేర్చాలి. పద్మనాభం ఈ మాట వినీ వినగానే రెండో కాలు కూడా నేల మీద పెట్టి ప్రెసిడెంటు ఏనుగమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఏ బండి కొనాలో ‘బండి సంగతి’లో జనమే ఓటేసి తేల్చాలని ఒప్పించాడు. పాతరోజుల రుచి తగలాలని పోలయ్యకీ కబురుపెట్టాడు.

"వెళ్ళకయ్యా," అంది పోలయ్య భార్య గంగులు. "వాళ్ళకి నీ తోక కావాలి. నీ నోరు అక్కర్లేదు."

"ప్రాణాల మీదికొచ్చినవాళ్ళు ఎక్కే బండే. ఎవరో ఒకరు కిందకి దూరాలి కదా," అని పోలయ్య బయల్దేరాడు.

పోటీలో రెండు బండ్లున్నాయి. ఒకటి బూడిదరంగు బండి, దానికి పేరు కూడా పెట్టలేదు. రెండోది ‘మెరుపు’. ఎర్రగా, పొడుగ్గా, నిలబడి ఉన్నా పరిగెడుతున్నట్టే ఉంది. పోలయ్య ముందు బూడిద బండి చూసి, "ఇది నెమ్మది. కానీ ఆగమన్నచోట ఆగుతుంది," అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాత మెరుపు కిందకి దూరాడు. చాలాసేపటికి గానీ బయటికి రాలేదు.

"దీనికి బ్రేకు లేదు," అన్నాడు.

"వదులుగా ఉందా అంకుల్?" అన్నాడు వంశీధర్.

"వదులు కాదయ్యా. లేదు. బ్రేకు ఉండాల్సినచోట పాటలొచ్చే పెట్టె బిగించారు."

ముందు వరసలో కూర్చున్న హైనా కిసుక్కున నవ్వింది. ఆ వెంటనే స్టూడియో అంతా గొల్లుమంది.

"నేను నవ్వించడానికి చెప్పట్లేదు," అన్నాడు పోలయ్య. ఇంకా నవ్వారు. "రోగులు చచ్చిపోతారు," అన్నాడు. కోతులు కుర్చీల మీంచి కిందపడి దొర్లాయి. పదకొండేళ్ళు తన మాట మీద బండ్లు కొన్న మొహాలే అవి. పోలయ్య తోక ఈడ్చుకుంటూ బయటికి నడిచాడు.

మెరుపుకి నలభైవేల ఓట్లు పడ్డాయి. ‘బ్రేకు లేదు’ అనేది అడవిలో ఊతపదమైపోయింది.

మర్నాడు పోలయ్య అర్జీ పట్టుకుని ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాడు. ఏనుగమ్మ ఓపిగ్గానే చదివింది.

"నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది పోలయ్యా. కానీ అటు నలభైవేలమంది ఉన్నారు."

"బ్రేకు ఉందో లేదో ఓట్లతో ఎలా తేలుతుందమ్మా?"

"తేల్చేశాం కదా," అంది ఏనుగమ్మ.

ప్రారంభోత్సవం ప్రత్యక్ష ప్రసారం. రోగి వేషం వెయ్యడానికి ఎవరూ నచ్చక పద్మనాభం తనే కాలికి కట్టు కట్టించుకుని బండిలో పడుకున్నాడు. కెమెరా కోతి తలాపున కూర్చుంది. అడవిపంది తోలుతోంది. పోలయ్యని ఎవరూ పిలవలేదు. ఇంట్లో ఉండబుద్ధి కాక, ఘాట్ చివరి మలుపు దగ్గర రాళ్ళ మీద కూర్చున్నాడు.

మొదటి మలుపు దాకా మెరుపు అందంగానే వచ్చింది. రెండో మలుపులో పద్మనాభం లేచి కూర్చున్నాడు.

"ఇక ఆపవయ్యా," అన్నాడు.

"దేంతో ఆపనండీ?" అంది అడవిపంది.

పెట్టెలో పాట హోరెత్తుతోంది. చివరి మలుపు దాటితే ఏరే. బండి పక్కనుంచి పోతుండగా పోలయ్య ఒక్క దూకు దూకి వెనక ఇరుసుని నోటితో కరుచుకుని, నాలుగు కాళ్ళ గోళ్ళూ నేలలో దింపాడు. ఉడుము పట్టు సామాన్యమైంది కాదు. గోళ్ళు విరిగాయి, పొట్ట దోక్కుపోయింది, రోడ్డు పొడవునా నాలుగు చాళ్ళు పడ్డాయి. ముందు చక్రాలు నీళ్ళని తాకుతుండగా బండి ఆగింది.

పద్మనాభం బండి దిగాడు.

"దెబ్బలేం తగల్లేదు కదండీ?" అని పోలయ్య బండి కిందనుంచే అడిగాడు. ఇప్పటికైనా అర్థమైందనుకున్నాడు.

పద్మనాభం కెమెరా కోతి వైపు తిరిగాడు. "అంతా పడిందా?"

"ఒక్క ముక్క పోలేదండీ," అంది కోతి.

అంతమంది చూసిన గురువారం ఆ కార్యక్రమం చరిత్రలోనే లేదు. పంచాయతీ వెంటనే అత్యవసర సమావేశం పెట్టి, ప్రజల కోరిక మేరకు మెరుపుని అలాగే ఉంచాలనీ, పోలయ్యని అంబులెన్సులో శాశ్వత ఉద్యోగిగా నియమించాలనీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఉద్యోగం పేరు ‘బ్రేకు’.

గోళ్ళకి పసరు కట్టుకుని కూర్చున్న పోలయ్య ఆ కాగితం రెండుసార్లు చదివాడు.

"వెళ్తావా ఏం?" అంది గంగులు.

"వెళ్ళకపోతే బండి ఆగదు కదే," అన్నాడు పోలయ్య, కట్టు సరిచేసుకుంటూ.

ఇందులో నీతి ఏమిటంటే: బండికి బ్రేకు ఉందా అని పదిమందిలో అడక్కండి, ఆఖరికి మిమ్మల్నే బిగిస్తారు.